పెరటి పుదీనాతో మంచి టీ: మొక్క నాటడం నుంచి కప్పు దాకా

చిన్నప్పుడు పిప్పరమెంటు అంటే మాకు బిళ్లే. కిరాణా కొట్లో గాజు సీసాలో ఉండేది. నాలుక మీద పెట్టుకుని గాలి పీలిస్తే గొంతు దాకా చల్లగా పాకేది. ఆ చల్లదనం ఒక మొక్కలోంచి వస్తుందనీ, ఆ మొక్క మన వంటింటి పుదీనాకు దగ్గర చుట్టమనీ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

పెళ్లయి ఆంధ్ర సరిహద్దులోని ఒడిశా ఊరు పర్లాకిమిడి వచ్చాక అత్తయ్యగారి పెరట్లో నూతి పక్కన పుదీనా మడి చూశాను. ఆవిడ దాన్ని పచ్చడికి వాడేవారు. ఎవరికైనా జలుబు చేస్తే మాత్రం ఆ ఆకుతో పాటు మిరియాలు, శొంఠి గిన్నెలో వేసి, నీళ్లు సగమయ్యేదాకా మరిగించి ఇచ్చేవారు. ముక్కు మూసుకుని మింగాల్సిందే. పుదీనాను మందులా కాకుండా, ఇష్టంగా కూర్చుని తాగే టీలా చేసుకోవచ్చని అప్పట్లో మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు మా ఇంట్లో రోజూ సాయంత్రం అదే టీ. పదేళ్లుగా మొక్క పెంచుతూ, ఆకు కోస్తూ, ఎన్నో కప్పులు పాడుచేసుకుని నేర్చుకున్న పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. రెండు విషయాలు తెలిస్తే చాలావరకు వచ్చేసినట్టే. మన చేతిలో ఉన్నది ఏ రకం ఆకో తెలియాలి. దాన్ని మరిగించకూడదని తెలియాలి.

మొదటి మెట్టు: మీ ఆకు ఏ రకమో చూసుకోండి

పుదీనా అంటే ఒకటే మొక్క అనుకుంటాం. మన వంటిళ్లకు దగ్గరగా ఉన్నవి మూడు రకాలు.

సంతలో కట్టలు కట్టి అమ్మేది ఎక్కువగా స్పియర్‌మింట్ రకం. శాస్త్రీయ నామం మెంథా స్పైకేటా. ఒడియాలో పొదినా అన్నా, తెలుగులో పుదీనా అన్నా మార్కెట్లో చేతికిచ్చేది మామూలుగా ఇదే. దీని వాసన కార్వోన్ అనే పదార్థంది. తియ్యగా, మెత్తగా ఉంటుంది. చల్లదనం పెద్దగా ఉండదు.

పెప్పర్‌మింట్ అంటే మెంథా పైపరీటా. ఇది స్పియర్‌మింట్‌కీ, నీటి ఒడ్డున పెరిగే మరో పుదీనా రకానికీ పుట్టిన సంకరం. దీని నూనెలో అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది మెంథాల్. బిళ్లలోని చల్లదనం ఆ మెంథాల్‌దే.

మూడోది మెంథా ఆర్వెన్సిస్, మెంథాల్ పుదీనా. ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ చుట్టుపక్కల ఎకరాలకు ఎకరాలు నూనె కోసం వేసేది ఇదే. ఔషధ, సుగంధ మొక్కల మీద పరిశోధన చేసే లక్నోలోని సీమ్యాప్ సంస్థ ఇందులో కోసి లాంటి రకాలను రైతులకు ఇచ్చింది. దీని నూనెలో మెంథాల్ పెప్పర్‌మింట్ కన్నా చాలా ఎక్కువ. టీలో వేస్తే ఘాటుగా, కాస్త చేదుగా ఉంటుంది. ఆకులు సగానికి తగ్గించుకోవాలి.

వీటిని విడిగా గుర్తుపట్టడానికి నేను చూసేది ఆకు తొడిమ. స్పియర్‌మింట్ ఆకు కాండానికి నేరుగా అతుక్కుని ఉన్నట్టుంటుంది, తొడిమ ఉందా లేదా అన్నట్టు. రంగు లేత పచ్చ, ఆకు మీద ముడతలు ఎక్కువ. పెప్పర్‌మింట్ ఆకుకు మాత్రం స్పష్టంగా చిన్న తొడిమ ఉంటుంది. ఆకు ముదురు పచ్చగా, కాండం చాలాసార్లు వంకాయ రంగు కలిసినట్టుంటుంది. పువ్వు వచ్చాక ఇంకా తేలిక. ఈ రెండింటికీ పూలు కొమ్మ చివర కంకిలా వస్తాయి. ఆర్వెన్సిస్‌కి కాండం పొడవునా ఆకుల మొదట్లో, కణుపు కణుపుకీ గుత్తులుగా వస్తాయి.

ఇది తెలియక నేను ఒక ఏడాది పోగొట్టుకున్నాను. ఒక నర్సరీలో పెప్పర్‌మింట్ అని చీటీ అంటించిన మొక్క కొని తెచ్చుకున్నాను. ప్రేమగా పెంచాను, టీ కాచాను. ఎన్నాళ్లు తాగినా నాలుక చల్లబడదే! నీళ్లు తక్కువ వేశాను, ఆకు ఎక్కువ వేశాను, లోపం నా చేతిలోనే ఉందనుకున్నాను. చివరికి విశాఖలో ఉండే మా ఆడపడుచు ఇంటికి వెళ్లినప్పుడు ఆవిడ బాల్కనీలో అసలు పెప్పర్‌మింట్ చూసి, ఒక ఆకు గిల్లి నోట్లో వేసుకుంటే అప్పుడర్థమైంది. నా కుండీలో ఉన్నది మామూలు పుదీనా. ఆవిడ దగ్గర నాలుగు పిలకలు తడి గుడ్డలో చుట్టి తెచ్చుకున్నాను. ఇప్పుడు మా ఇంట్లో ఉన్న పెప్పర్‌మింట్ అంతా ఆ నాలుగు పిలకల సంతానమే.

అలాగని మామూలు పుదీనాతో టీ చేసుకోకూడదని కాదు. పిల్లలకూ పెద్దవాళ్లకూ ఆ మెత్తటి రుచే నచ్చుతుంది. మా ఇంట్లో రెండూ ఉన్నాయి. చలికాలం పొద్దున్నే నాకు పెప్పర్‌మింట్ కావాలి, భోజనానికి ముందు సాయంత్రం మామూలు పుదీనా బాగుంటుంది.

రెండో మెట్టు: మొక్కను నిలబెట్టడం

పెప్పర్‌మింట్ విత్తనాలని ప్యాకెట్ల మీద రాసి ఉంటే నమ్మకండి. సంకరం కాబట్టి అది మొలకెత్తే విత్తనం పెట్టదు. కొమ్మ నుంచో పిలక నుంచో మాత్రమే దాన్ని పెంచగలం. కాబట్టి తెలిసినవాళ్ల ఇంట్లో మొక్క ఉంటే ఒక కొమ్మ అడగడమే మేలైన దారి.

మామూలు పుదీనా అయితే మార్కెట్‌కి వెళ్తే చాలు. కట్ట కొనేటప్పుడు కాండాలు చూసి ఎంచుకోండి. లావుగా, గట్టిగా, పువ్వు రానివి కావాలి. నేను కట్ట తిరగేసి కాండాలు చూస్తుంటే మొదట్లో మా కూరగాయల మావుసి (ఒడియాలో పిన్ని అని) వింతగా చూసేది. ఇప్పుడు తనే వేళ్లు తెగకుండా పీకిన రెండు మొక్కలు నాకోసం పక్కన పెడుతోంది.

కొమ్మను ఐదారు అంగుళాలు ఉండేలా, కణుపుకు కాస్త కింద కత్తిరించండి. కింది ఆకులు తీసేసి, పైన నాలుగైదు చిన్న ఆకులు మాత్రం ఉంచండి. రెండు కణుపులు మునిగేలా గాజు గ్లాసులో నీళ్లు పోసి కిటికీ దగ్గర పెట్టండి, నేరుగా ఎండ తగలకూడదు. రెండు రోజులకోసారి నీళ్లు మార్చాలి. వారం పది రోజుల్లో కణుపు చుట్టూ తెల్లటి దారాల్లా వేళ్లు వస్తాయి. అవి రెండు అంగుళాలు సాగాక మట్టిలోకి మార్చండి. అంతకు ముందే తొందరపడి నాటితే చాలా కొమ్మలు వాడిపోతాయి.

కుండీ లోతు కన్నా వెడల్పు ముఖ్యం. పుదీనా వేళ్లు కిందికి దిగవు, పక్కకు పాకుతాయి. పాత ప్లాస్టిక్ టబ్బు అడుగున ఐదారు చిల్లులు పెడితే దానికి మించింది లేదు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుకో కొబ్బరిపొట్టో కలపండి. పచ్చి పేడ వద్దు, వేరు మాడిపోతుంది. రెండు రకాల పుదీనాలను ఒకే టబ్బులో మాత్రం పెట్టకండి. పాకి పాకి కలిసిపోయాక ఏది ఏదో మీకే తెలియదు. నేలలో నాటితే పక్క మడినంతా ఆక్రమిస్తుంది, అది అత్తయ్య కొత్తిమీర మడి విషయంలో మాకు అనుభవమే.

మా వైపు వాతావరణం చెప్పాలి, ఎందుకంటే ఎక్కడో చలిదేశం వాళ్లు రాసిన సలహాలు ఇక్కడ పనిచేయవు. దసరా వానలు తగ్గాక, దీపావళికి అటూ ఇటూ నాటితే మొక్క బాగా నిలదొక్కుకుంటుంది. పుష్యమాఘ మాసాల్లో మహేంద్రగిరి వైపు నుంచి చలి దిగే రోజుల్లో ఆకు నిగనిగలాడుతూ ఉంటుంది. ఆ కాలంలో పొద్దుటి ఎండ నాలుగైదు గంటలు తగలనివ్వండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం పదకొండు దాటాక నీడ తప్పనిసరి. రెండు పూటలా నీళ్లు పోయాలి. కుండీ పైన ఎండుగడ్డి పరిస్తే వేరు మాడదు. వానాకాలం దీనికి వేసవి కన్నా ప్రమాదం. నీళ్లు నిలిచాయంటే వేళ్లు కుళ్లిపోతాయి. టబ్బులను ఇటుకల మీద ఎత్తి, చూరు కింద పెట్టుకోవాలి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నేను టబ్బులను పెరట్లోనే వదిలేశాను. గజపతి జిల్లా, శ్రీకాకుళం జిల్లా రెండూ అతలాకుతలమైన రోజులవి, కరెంటు లేదు, పైకప్పుల గురించే అందరి టెన్షన్. మొక్కల మాట ఎవరికి గుర్తుంటుంది? మూడు రోజుల తర్వాత చూస్తే టబ్బులు నీళ్లతో నిండి, ఆకులు నల్లగా జారిపోతున్నాయి. వంటింటి కిటికీలో వేళ్లు రావాలని గ్లాసులో పెట్టిన ఒక్క పెప్పర్‌మింట్ కొమ్మ మాత్రం మిగిలింది. దాని నుంచే మళ్లీ మొదలుపెట్టాను. అప్పటినుంచి ఏ కాలమైనా ఒక గ్లాసులో ఒక కొమ్మ ఇంట్లో ఉండాల్సిందే.

తెగుళ్ల గురించి ఒక్కటే గట్టిగా చెబుతాను. ఆకు కిందివైపు నారింజ రంగు పొడి కనిపిస్తే అది తుప్పు తెగులు. ఆ కొమ్మలను మట్టి దాకా కోసి దూరంగా పారేయాలి, ఎరువు గుంటలో కూడా వేయకూడదు. పేనుబంక పడితే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లండి. చల్లిన ఆకుతో టీ కాచొద్దు, కొత్త చిగురు వచ్చేదాకా ఆగండి. టీ కోసం పెంచే మొక్క మీద బజారు పురుగుమందు ఎప్పుడూ వద్దు.

మూడో మెట్టు: కోత

నాటిన నెలన్నర, రెండు నెలలకు మొక్క జానెడు ఎత్తు వస్తుంది. అప్పుడు మొదటి కోత. మంచు ఆరాక, ఎండ ముదరక ముందు కోస్తే వాసన బాగుంటుంది. ఆకులు ఒక్కొక్కటే గిల్లడం కన్నా, ఒక జత ఆకులకు సరిగ్గా పైన కొమ్మ తుంచండి. ఆ జత మొదట్లోంచి రెండు కొత్త కొమ్మలు వస్తాయి. ఒకేసారి మొక్కలో మూడోవంతు కన్నా ఎక్కువ తీయకండి. పూత వచ్చే ముందు ఆకులో నూనె నిండుగా ఉంటుంది, మొగ్గ కనిపించగానే పెద్ద కోత కోసేయండి.

ఎండకు ఎదురుగా ఆకును వెనక్కి తిప్పి పట్టుకోండి. భూతద్దం ఉంటే మరీ మంచిది. ఆకు కింద చిన్న చిన్న చుక్కలు మెరుస్తూ కనిపిస్తాయి. నూనె ఉండేది ఆ చుక్కల్లాంటి తిత్తుల్లోనే. చర్మం మీద చెమట బొట్టులా ఆకు పైపైనే ఉంటుంది, లోపలెక్కడో దాగి ఉండదు. వేలితో తాకితేనే ఎందుకు వాసన వస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది. టీ ఎలా కాయాలన్నది కూడా ఇక్కడే ఉంది. పైన ఉన్న నూనెను దింపడానికి ఆకును ఉడకబెట్టక్కర్లేదు.

నాలుగో మెట్టు: టీ కాయడం

మన ఇళ్లలో టీ అంటే మరగాలి. పాలు, పొడి, పంచదార, అల్లం అన్నీ కలిసి మూడు పొంగులు రావాలి. ఆ అలవాటే పుదీనా దగ్గర మన చేయి పట్టి తప్పుదారి పట్టిస్తుంది.

పుదీనా నూనె తీసే బట్టీలో ఏం చేస్తారో ఆలోచించండి. ఆకు మీదుగా ఆవిరి పంపుతారు. ఆవిరితో పాటు నూనె లేచిపోతుంది, దాన్ని చల్లార్చి పట్టుకుంటారు. మూత లేని గిన్నెలో పుదీనా మరిగిస్తే జరిగేది అదే, పట్టుకునేవాళ్లు మాత్రం ఎవరూ ఉండరు. వాసన ఇంటికంతా పోతుంది, గిన్నెలో పసరు మిగులుతుంది. ఇల్లంతా ఘుమఘుమలాడుతుంటే టీ బాగా వచ్చిందనుకుంటాం. కప్పులో ఉండాల్సింది గాలిలో ఉందని దాని అర్థం.

ఒక కప్పుకు, అంటే 200 మిల్లీలీటర్ల నీళ్లకు, నేను వేసే లెక్క ఇది. మామూలు పుదీనా పన్నెండు నుంచి పదిహేను ఆకులు. పెప్పర్‌మింట్ ఏడెనిమిది. ఆర్వెన్సిస్ అయితే ఐదు చాలు. ఆకు చిన్నదైతే ఒకటి రెండు ఎక్కువ వేయండి. కాండాలు వద్దు, వాటిలో వాసన తక్కువ, పసరు ఎక్కువ.

ఆకులను చల్లటి నీళ్లలో ఒకసారి కడిగి నీరు దులపండి. ఎడమ అరచేతిలో ఆకులు పెట్టుకుని కుడి అరచేత్తో రెండుసార్లు చప్పున తట్టండి. ఆ మాత్రానికే తిత్తులు చిట్లుతాయి. రోట్లో దంచితే, గోళ్లతో నలిపితే ఆకు పసరు దిగి టీ గడ్డి వాసన వస్తుంది.

స్టీలు గిన్నెలోనో గాజు కెటిల్‌లోనో ఆకులు వేసి పెట్టుకోండి. అల్యూమినియం గిన్నె వాడకండి, ముఖ్యంగా నిమ్మరసం కలిపే ఉద్దేశం ఉంటే. వేరే గిన్నెలో నీళ్లు తెర్లనిచ్చి స్టవ్ ఆపండి. ఒక నిమిషం ఆగి, ఆ నీళ్లు ఆకుల మీద పోసి వెంటనే మూత పెట్టండి. మూత బిగుతుగా కూర్చోవాలి. మామూలు పుదీనాకు ఐదు నిమిషాలు, పెప్పర్‌మింట్‌కు ఐదు నుంచి ఏడు నిమిషాలు. మధ్యలో మూత తీసి చూడొద్దు.

అత్తయ్యకు మొదటిసారి ఇలా కాచి ఇచ్చినప్పుడు ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. "మరగనివ్వకపోతే సారం ఎలాగ దిగుతాదమ్మా?" అన్నారు. ఐదు నిమిషాలయ్యాక, "మీరే మూత తియ్యండత్తయ్యా" అన్నాను. ఆవిడ మూత ఎత్తి వెనక్కి తిప్పారు. లోపలివైపు సన్నటి నీటి బొట్లు, ఒకదానికొకటి తగిలి జారుతున్నాయి. ముక్కు దగ్గరికి తీసుకుని ఒక్కసారి కళ్లు మూసుకున్నారు. "ఇన్నాళ్లూ దీన్నంతా పొగలో వదిలీసేనన్నమాట" అన్నారు. ఆ బొట్లే టీకి ప్రాణం. మెంథాల్ నీళ్లలో అంతగా కరగదు, వేడికి లేచి మూతకు చేరుతుంది. కాబట్టి మూతను పక్కకు వంచి ఆ బొట్లన్నీ గిన్నెలోకే జార్చండి. ఆ తర్వాతే వడకట్టండి.

రంగు చూసి కంగారు పడొద్దు. మంచి పుదీనా టీ లేత పసుపు, లేత పచ్చ మధ్యలో, దాదాపు నీళ్లలాగే ఉంటుంది. గోధుమ రంగు వచ్చిందంటే ఎక్కువసేపు ఉంచామనో, ఆకు పాతదనో అర్థం. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే రుచి మొద్దుబారుతుంది, తాగే నీళ్లతోనే కాయండి.

మొదటి గుక్క ఏమీ కలపకుండా తాగి చూడమని నా మనవి. నాలుక మీద వేడి, ఆ వెంటనే గాలి పీల్చగానే చల్లదనం. వేడి టీ నోటిని ఎలా చల్లబరుస్తుంది? నిజానికి చల్లబరచదు. చలిని గుర్తుపట్టే నరాల చివర్లను మెంథాల్ తట్టిలేపుతుంది, మెదడు దాన్ని చలి అనుకుంటుంది. ఆ నరాల చివర్లలో చలిని పసిగట్టే గ్రాహకాన్ని (రిసెప్టర్‌ని) మెంథాల్ సాయంతోనే కనిపెట్టిన శాస్త్రవేత్తల్లో డేవిడ్ జూలియస్ ఒకరు. వేడినీ స్పర్శనూ గుర్తించే గ్రాహకాలపై చేసిన పరిశోధనకు ఆయనకు, ఆర్డెమ్ పటపూటియన్‌కు 2021లో నోబెల్ వచ్చింది. మన బిళ్ల వెనక అంత కథ ఉందని తెలిసిన రోజు నాకు చెప్పలేనంత సంతోషం వేసింది.

తీపి కావాలంటే తేనె నా మొదటి ఎంపిక. కొండల మీది సవర ఊళ్ల నుంచి సంతకు వచ్చే తేనె దొరికితే దానికి సాటి లేదు. టీ గోరువెచ్చగా అయ్యాకే కలపండి. బెల్లం కూడా బాగుంటుంది కానీ ముదురు బెల్లం పుదీనా వాసనను మింగేస్తుంది, కొద్దిగానే వేయాలి. నిమ్మరసం నాలుగు చుక్కలు చాలు, అదీ వడకట్టాకే. చలికాలంలో అల్లం కావాలనిపిస్తే అల్లం ముక్కను ముందే నీళ్లలో ఐదు నిమిషాలు మరిగించి, ఆ నీళ్లను ఆకుల మీద పోయండి. అల్లానికి మరుగు కావాలి, పుదీనాకు అక్కర్లేదు, రెండింటినీ ఒకేసారి వేస్తే ఒకదానికి అన్యాయమే. తులసి మూడాకులు పుదీనాతో పాటే వేయొచ్చు. టీపొడి లేకపోతే మీకు టీ అనిపించకపోతే, పొడిని విడిగా రెండు నిమిషాలు కాచి, స్టవ్ ఆపాక ఆకు వేసి మూత పెట్టండి. పాల టీలో కూడా అంతే, చివర్న వేయాలి. పాలలో పుదీనా నాకు మాత్రం నచ్చదు.

ఐదో మెట్టు: వేసవి కోసం చల్లటిది

మా వైపు ఏప్రిల్ మధ్యలో పణా సంక్రాంతి వస్తుంది. ఒడియావాళ్లు ఆ రోజు మారేడు గుజ్జుతో పానకం చేస్తారు, మాకూ ఒక చెంబు పంపుతారు. బదులుగా మేం పంపేది చల్లటి పుదీనా నీళ్లు. దీనికి స్టవ్వే అక్కర్లేదు. లీటరు మంచినీళ్లలో రెండు గుప్పెళ్ల మామూలు పుదీనా, అరచేతుల మధ్య తట్టి వేసి, మూతున్న గాజు సీసాలో రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. ఎనిమిది గంటలు చాలు. పొద్దున్న వడకట్టి, నానిన సబ్జా గింజలు, నిమ్మరసం, కాస్త బెల్లం నీళ్లు కలపండి. వేడి తగలకపోవడంతో పసరు దిగదు, అందుకే ఇది వేడి టీ కన్నా తియ్యగా అనిపిస్తుంది. అదే రోజు తాగేయాలి. కుండలో నీళ్లు చల్లబరిచి కూడా చేయొచ్చు కానీ బయట ఉంచితే నాలుగైదు గంటలకు మించి ఆపకండి.

ఆరో మెట్టు: ఎండబెట్టి దాచుకోవడం

మాఘంలో ఆకు విరగకాస్తుంది, జ్యేష్ఠంలో ఉండదు. కాబట్టి ఎండబెట్టాలి. ఎండలో మాత్రం కాదు, నీడలో. కడిగిన కొమ్మలను పల్చటి గుడ్డ మీద నీరంతా ఆరనిచ్చి, పిడికెడు చొప్పున కట్టలు కట్టి, గాలి ఆడే గదిలో తలకిందులుగా వేలాడదీయండి. నాలుగైదు రోజుల్లో ఆకు వేళ్ల మధ్య పెళపెళ విరగాలి. మెత్తగా వంగితే ఇంకా తేమ ఉన్నట్టే, సీసాలో పెడితే బూజు పడుతుంది. వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి.

కిలో పచ్చి ఆకు ఎండితే 150 గ్రాముల దగ్గర తేలుతుంది. పొడి చేయకుండా ఆకులుగానే గాలి దూరని సీసాలో, వెలుతురు లేని చోట పెట్టండి. టీ కాచేటప్పుడే నలపాలి. కప్పుకు ఒక టీస్పూన్, మూత పెట్టి ఏడెనిమిది నిమిషాలు. ఆరు నెలలు బాగుంటుంది, ఆ తర్వాత వాసన పల్చబడుతుంది.

ఎవరు ఆగాలి, ఎప్పుడు ఆగాలి

ఇది తేలిగ్గా తీసుకోవద్దని అందరినీ వేడుకుంటున్నాను. పుదీనా మంచిదని విని అన్నిటికీ వాడేవాళ్లున్నారు.

గుండెల్లో మంట, పుల్లటి తేనుపులు ఉన్నవాళ్లకు పెప్పర్‌మింట్ సరిపడకపోవచ్చు. అన్నవాహిక కింద ఉండే కండరాన్ని అది వదులు చేస్తుంది, ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. మా మామయ్యగారికి ఇదే జరిగింది, ఆయన మానేశాక మంట తగ్గింది. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు డాక్టర్‌ని అడిగి తాగండి. పేగుల నొప్పికి వాడే పెప్పర్‌మింట్ నూనె క్యాప్సూల్ వేరు, ఈ టీ వేరు. ఆ క్యాప్సూల్ చేసే పని టీ చేస్తుందని మందులు మానకండి.

అన్నం తిన్న వెంటనే వద్దు. 1999లో అచ్చయిన ఒక పరిశోధనలో, తిండితో పాటు పెప్పర్‌మింట్ టీ తాగితే ఆ తిండిలోని ఇనుము ఒంటికి పట్టడం 84 శాతం తగ్గింది. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు, ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లు భోజనానికీ టీకీ మధ్య కనీసం గంట ఎడం పెట్టుకోండి. ఇందులో కెఫీన్ లేదు కాబట్టి రాత్రి పడుకునే ముందు తాగినా నిద్ర చెడదు, నాకదే సరైన వేళ అనిపిస్తుంది. గర్భిణులు రోజూ తాగాలనుకుంటే డాక్టర్‌తో ఒక మాట చెప్పండి.

కొట్లో దొరికే పిప్పరమెంటు పువ్వును, అంటే ఆ తెల్లటి పలుకులను, టీలో వేయకండి. అది దాదాపు శుద్ధ మెంథాల్. పుదీనా నూనె కూడా అంతే, ఒక చుక్కే చాలా ఎక్కువ. వీటిని పసిపిల్లల ముక్కు దగ్గర, ముఖం మీద రాయడం ఇంకా ప్రమాదం, ఊపిరి ఆగే అవకాశం ఉంది. ఏడాది లోపు పిల్లలకు ఈ టీ గానీ తేనె గానీ ఇవ్వకూడదు.

ఏడాదికోసారి

రెండు చలికాలాలు దాటితే టబ్బు నిండా వేళ్లు చుట్టుకుని మొక్క మధ్యలో బట్టతలలా ఖాళీ అవుతుంది, ఆకు చిన్నదవుతుంది. నేను ప్రతి కార్తీకంలో టబ్బు బోర్లిస్తాను. మధ్యలోని ముదురు వేళ్లు తీసేసి, అంచుల్లో ఉన్న తెల్లటి లేత పిలకలను నాలుగు వేళ్ల పొడవు ముక్కలుగా కోసి, కొత్త మట్టిలో అంగుళం లోతున పడుకోబెట్టి కప్పుతాను. పది పదిహేను రోజుల్లో చిగుళ్లు కనిపిస్తాయి. టీ కాచాక మిగిలిన ఆకును ఆ టబ్బు పక్కనున్న ఎరువు గుంటలోనే వేస్తాం.

ఈ ఏడాది మూడు టబ్బులయ్యాయి, ఒకటి పెప్పర్‌మింట్, రెండు మామూలు పుదీనా. మిగిలిన పిలకలు తడి గుడ్డలో చుట్టి పాతపట్నంలో ఉండే మా పెద్దమ్మకు ఒక కట్ట, మార్కెట్ మావుసికి ఒక కట్ట ఇచ్చాను. కిటికీలో గ్లాసు, అందులో ఒక కొమ్మ ఎప్పటిలాగే ఉన్నాయి. నిన్నే నీళ్లు మార్చాను.